గేటు దాకా వచ్చి లోపలికి రాలేని గెస్టు గురించి

సంపాదకులకు నమస్కారం.

మీ ఉత్తరాల పేజీలో ఈమధ్య ఒక పాఠకుడు రాసింది చదివాను. రైలు నాలుగు గంటలు లేటయి, రెండు రోజులకు అద్దెకు తీసుకున్న ఇంటికి అర్ధరాత్రి చేరితే ఓనరు ఫోన్ ఎత్తలేదట. చివరికి ఎత్తి ముందు చీవాట్లు పెట్టి, ఆ తర్వాత తాళం ఇచ్చి, పొద్దున్నే ‘లేట్ చెకిన్ ఫీజు’ కూడా అడిగారట. మొదటిసారి చదివినప్పుడు నాకు ఆ పాఠకుడి మీదే కోపం వచ్చింది, ఎందుకంటే నేనూ ఆ ఓనర్ల కోవలోదాన్నే, ఆరేళ్లుగా రెండు ఇళ్లు రోజువారీ అద్దెకు ఇస్తున్నాను, మా వైపు బాధలు వీళ్లకేం తెలుసులే అనుకున్నాను. రెండోసారి చదివాక మాత్రం నోరు మూసుకున్నాను. ఆయన చెప్పినదాంట్లో ముప్పాతిక వంతు నిజం. ఉత్తరం కాస్త పెద్దదయింది, కావాలంటే కత్తిరించుకోండి కానీ తాళాల గురించి రాసింది మాత్రం ఉంచండి, అది నాలా ఇళ్లు అద్దెకిచ్చే హోస్టులకు పనికొస్తుంది.

ముందు మా గోడు ఒక ముక్క. చెకిన్, అంటే ఇంట్లో దిగే టైము, మధ్యాహ్నం మూడింటికి అని రాస్తాం. గెస్టు ఐదింటికి వస్తానంటాడు. ఏడింటికి ఫోన్ చేస్తే ‘దారిలో ఉన్నాం’. తొమ్మిదింటికి ‘దగ్గర్లోనే ఉన్నామండీ’. పదిన్నరకు ‘ఐదు నిమిషాలు’. ఆ ఐదు నిమిషాలు ఎంతసేపో నాకు ఇప్పటికీ అంతు పట్టలేదు. తాళం చేతికి ఇవ్వాల్సిన మనిషి ఆ సాయంత్రమంతా ఇంకో పని పెట్టుకోలేడు, స్నానానికి వెళ్లినా ఫోన్ పక్కన పెట్టుకునే వెళ్లాలి. ఇదంతా నిజమే. కానీ ఆరేళ్లలో నాకు అర్థమైంది ఏమిటంటే, ఆలస్యంగా రావడం వల్ల నాకు జరిగిన నష్టం తక్కువ, ఆలస్యంగా వచ్చేవాళ్ల కోసం ఇల్లు సిద్ధంగా పెట్టకపోవడం వల్ల జరిగిన రభస ఎక్కువ. విమానం లేటయితే గెస్టు ఏం చేస్తాడు, దిగి తోయలేడు కదా. నా తలుపు రాత్రి ఒంటి గంటకు తెరుచుకోకపోతే మాత్రం అది నా తప్పే.

ఈ జ్ఞానం ఊరికే రాలేదు. కొత్తగా డిజిటల్ తాళం పెట్టించిన నెలలో ఒక జంట, మూడేళ్ల పాపతో రావాల్సింది. రాత్రి పదకొండుకు మెసేజ్ పెట్టారు, ఫ్లయిట్ లేటు, బాగా ఆలస్యమవుతుంది అని. పాపం, సరిగ్గా చెప్పారు. నేను దర్జాగా ‘ఏం పర్వాలేదండీ, కోడ్ పంపాను కదా, ఎప్పుడైనా రండి’ అని రాసి, ఫోన్ సైలెంట్‌లో పెట్టి పడుకున్నాను. ఒంటి గంట నలభైకి మా ఇంటి తలుపు ఎవరో దబదబా బాదుతున్నారు. తీసి చూస్తే ఆ అద్దె ఇంటి పై వాటాలో ఉండే పెద్దావిడ, మా వీధి దాకా నడిచి వచ్చింది. ‘ఎవరో మనుషులు కింద అరగంట నుంచి నిలబడ్డారమ్మా, చంటిపిల్ల కూడా ఉంది, నువ్వేమో ఫోన్ ఎత్తవు’ అంది. చూసుకుంటే పదకొండు మిస్డ్ కాల్స్.

పరుగెత్తాను. వరండాలో ఆ అమ్మాయి సూట్‌కేసు మీద కూర్చుని ఉంది, పాప భుజం మీద నిద్రపోతోంది, ఒక కాలికి చెప్పు లేదు. ఆయన ఫోన్ టార్చి వెలుగులో తాళం వైపు చూస్తూ నిలబడ్డాడు. ‘బ్యాటరీ అయిపోయినట్టుందండీ, నంబర్లే రావట్లేదు’ అన్నాడు. నేను వెళ్లి తాళం మీద అరచెయ్యి మొత్తం ఆనించాను. నంబర్లు తళుక్కున వెలిగాయి. అది టచ్ స్క్రీను, వేలితో ముడితే మేలుకోదు, అరచెయ్యి ఆనించాలి. నేనేమో మెసేజ్‌లో ‘కోడ్ నొక్కి టిక్ గుర్తు నొక్కండి’ అని రాశాను. నొక్కడానికి అక్కడ నల్లటి గాజు తప్ప ఏమీ కనపడదు! ఆయన నన్ను పల్లెత్తు మాట అనలేదు, ఒకసారి తన అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు, అంతే. తర్వాత రివ్యూలో ‘ఇల్లు బాగుంది, తలుపుకే కొంచెం సిగ్గెక్కువ’ అని రాశారు. నాకు ఇంతవరకు వచ్చిన రివ్యూల్లో అంత మర్యాదగా తిట్టింది ఇంకోటి లేదు.

మర్నాడు రాత్రి ఒక పని చేశాను, హోస్టులందరూ ఒక్కసారైనా చేయాల్సిన పని. పదకొండు దాటాక, ఒక చేతిలో పెట్టె, ఇంకో భుజానికి బ్యాగు వేసుకుని, ఫోన్‌లో నేను పంపిన మెసేజ్ మాత్రమే చూస్తూ, ఆ ఇల్లు నాకు తెలియనట్టు వీధి చివర నుంచి నడుచుకుంటూ వెళ్లాను. మా ఆయన ‘పిచ్చా’ అన్నారు. కానీ ఆ పావుగంటలో ఎన్ని తప్పులు దొరికాయో!

మొదటిది ఫోటో. గెస్టులకు పంపే ఇంటి ఫోటో పగలు తీసింది. ‘లేత పసుపు గోడ, నీలం గేటు’ అని కింద రాశాను. రాత్రి ఆ వీధిలో సోడియం దీపాలు. ఆ నారింజ రంగు వెలుగులో పసుపు గోడ, తెల్ల గోడ, బూడిద రంగు గోడ అన్నీ ఒకేలా ఉంటాయి, నీలం గేటు నల్లగా కనిపిస్తుంది. ఆ దీపంలో ఎక్కువగా పసుపు, నారింజ వెలుగే ఉంటుంది, మిగతా రంగులు చాలా తక్కువ, వెలుగులో లేని రంగు గోడ మీద ఎక్కణ్నుంచి కనిపిస్తుంది? ఇన్నాళ్లూ గుర్తులు చెప్పానని నేననుకున్నవన్నీ రాత్రి వచ్చేవాడికి గుర్తులే కావన్నమాట. అప్పటికప్పుడు రాత్రి ఫోటోలు తీశాను. వీధి మలుపు ఒకటి, గేటు ఒకటి, తాళం ఒకటి. తాళం ఫోటోలో నా అరచెయ్యి దాని మీద ఆనించి ఉంటుంది. ఇప్పుడు ఆ మూడే పంపుతాను.

రెండోది మ్యాప్. నేను పెట్టిన పిన్ను ఇంటి కప్పు మీద ఉంది, ఆ అద్దె ఇంటి వెనక ఒక సందు కూడా ఉంది. కప్పు మధ్యలో పిన్ను ఉంటే మ్యాప్ తనకు దగ్గరగా తోచిన రోడ్డుకు తీసుకెళ్తుంది, అలా చాలామందిని వెనక సందులోకి తీసుకెళ్లి గోడకు ఎదురుగా నిలబెట్టిందని అప్పుడు తెలిసింది. పగలైతే ఎవర్నో అడిగి చుట్టూ తిరిగొస్తారు, రాత్రి అడగడానికి ఎవరుంటారు, కుక్కలు తప్ప. పిన్ను లాక్కొచ్చి సరిగ్గా గేటు మీద పెట్టాను. గూగుల్ మ్యాప్స్‌లో ప్లస్ కోడ్ అని ఒకటి ఉంటుంది, చిరునామాకు బదులు వాడుకునే అక్షరాలు, అంకెల కోడ్ అది, చాలామంది దాని జోలికి పోరు. వీధి పేరు, ఇంటి నంబరు సరిగ్గా లేని చోట్ల అది బాగా పనికొస్తుంది, మామూలు ప్లస్ కోడ్ సుమారు 14 మీటర్ల పొడవు వెడల్పు ఉన్న చోటును చూపిస్తుంది. గేటు దగ్గర నిలబడి ఆ కోడ్ తీసుకుని మెసేజ్‌లో కలిపేస్తే సరి.

మూడోది నా మెసేజే. నలభై లైన్లు రాశాను. స్వాగతం, ఇంటి చరిత్ర, గీజర్ వాడే పద్ధతి, చెత్త ఎక్కడ వెయ్యాలి, చుట్టుపక్కల చూడదగ్గవి, ఆ తర్వాత ముప్పయ్యో లైన్లో కోడ్. ఒళ్లు హూనమై వచ్చిన మనిషి మూడు శాతం చార్జింగ్‌తో చీకట్లో నిలబడి ఆ పురాణమంతా చదవాలి! ఇప్పుడు అయిదే లైన్లు: గేటు, మెట్లు, కోడ్, లైటు స్విచ్ ఎక్కడుందో, ఫోన్ నంబరు. మిగతావి మర్నాడు పొద్దున పంపుతాను, గీజర్ సంగతి బాత్రూం తలుపు మీద అంటించాను. ఇంకో మాట. ఇల్లు బుక్ చేసుకున్న యాప్‌లో మెసేజ్ పెట్టి ఊరుకుంటే చాలదు. వేరే దేశం నుంచి వచ్చేవాళ్లకు ఒక్కోసారి సిమ్ పని చెయ్యదు, డేటా ఉండదు, యాప్ తెరుచుకోదు. ఆ అయిదు లైన్లనూ ఒక బొమ్మగా చేసి ఒక రోజు ముందే పంపి, గ్యాలరీలో సేవ్ చేసుకోమని చెబుతాను. వైఫై పాస్‌వర్డ్ కూడా అందులోనే ఉంటుంది, రౌటర్‌ను కిటికీ దగ్గరికి జరిపాను కాబట్టి గేటు బయట నిలబడినా సిగ్నల్ అందుతుంది. ఇంట్లోకి వచ్చాక దొరికే పాస్‌వర్డ్ ఇంట్లోకి రాలేనివాడికి ఎందుకు?

ఇక తాళాలు. డిజిటల్ తాళం పెట్టేశాం కాబట్టి ఇక నిశ్చింత అనుకునే హోస్టులకు చెప్పేదేమిటంటే, బ్యాటరీ గుర్తును నమ్మకండి. చాలా తాళాల్లో ఆ గుర్తు మామూలు ఆల్కలైన్ సెల్స్‌కు తగ్గట్టు లెక్క వేసి ఉంటుంది. ఎక్కువ రోజులు వస్తాయని లిథియం సెల్స్ వేస్తే వాటి వోల్టేజీ చివరిదాకా నిలకడగా ఉండి ఒక్కసారిగా పడిపోతుంది, అంటే తాళం నిన్నటిదాకా ఫుల్ అని చూపించి ఇవాళ రాత్రి చచ్చిపోతుంది. చార్జింగ్ సెల్స్ వేస్తే వాటి వోల్టేజీ మొదటి నుంచే 1.2, ఆల్కలైన్‌కు 1.5, కాబట్టి అది ఎప్పుడూ తప్పు లెక్కే చెబుతుంది. తాళంతో వచ్చిన పుస్తకంలో ఏ సెల్స్ వాడమన్నారో అవే వాడండి, గుర్తు కోసం చూడకుండా నెలలు లెక్కపెట్టుకుని మార్చండి. చాలా తాళాలకు బయటి వైపు కింద రెండు చిన్న పిన్నులు ఉంటాయి, అక్కడ 9 వోల్టుల బ్యాటరీ ఆనిస్తే తాళం కాసేపు ప్రాణం పోసుకుంటుంది, అప్పుడు కోడ్ కొట్టవచ్చు. కొన్నింటికి టైప్ సి పోర్టు ఉంటుంది, పవర్ బ్యాంకు పెట్టినా చాలు. నేనైతే ఒక 9 వోల్టుల బ్యాటరీ పై వాటా పెద్దావిడ దగ్గర ఉంచాను. ఆవిడ దాన్ని దేవుడి గూట్లో పెట్టుకుంది, భద్రంగా ఉంటుందని.

వైఫైతో నడిచే తాళాలకు ఇంకో తెగులు. మనం ఫోన్‌లో కొత్త కోడ్ పెట్టేస్తాం, ఫోన్ ‘సేవ్ అయింది’ అంటుంది, కానీ ఆ సమయంలో అక్కడ నెట్ లేకపోతే కోడ్ తాళం దాకా చేరదు. గెస్టు వచ్చి కొడితే ఎర్ర లైటు. అందుకని వచ్చే రోజు కాకుండా ముందు రోజే కోడ్ పెట్టి, క్లీనింగ్‌కు వచ్చే అమ్మాయి చేత ఒకసారి ఆ కోడ్‌తోనే తలుపు తీయిస్తాను. కోడ్ గెస్టు ఫోన్ నంబరులో చివరి నాలుగు అంకెలు. అర్ధరాత్రి ఎవరికైనా గుర్తుండేది అదొక్కటే. వాళ్లు వెళ్లగానే తీసేస్తాను.

తాళం చెవిని గోడకు తగిలించిన కీ బాక్సులో, అంటే కోడ్‌తో తెరుచుకునే చిన్న పెట్టెలో, పెట్టేవాళ్లు కూడా చాలామంది ఉన్నారు. మంచిదే, పూలకుండీ కింద పెట్టడం కన్నా వెయ్యి రెట్లు నయం. కానీ అన్ని బాక్సులూ ఒకటి కాదు. నాలుగు చక్రాలు తిప్పేదాంట్లో 0000 నుంచి 9999 దాకా పదివేల కోడ్లు పెట్టవచ్చు. బటన్లు నొక్కే రకంలో చాలావాటికి అంకెల వరస పట్టదు, 2-5-7-9 పెట్టుకుంటే 9-7-5-2 నొక్కినా తెరుచుకుంటుంది, ఒకే అంకె రెండుసార్లు వాడటానికీ లేదు. అలాంటి పది బటన్ల పెట్టెకు నాలుగు అంకెల కోడ్ పెడితే లెక్క ప్రకారం ఉండేవి 210 కోడ్లే. తీరిగ్గా కూర్చుంటే ఒక సాయంత్రం పని. అంకెల సంఖ్య ఎక్కువ తక్కువ చేసి, గెస్టు గెస్టుకూ కోడ్ మార్చండి, మూడేళ్లుగా అదే కోడ్ నడిపిస్తున్న మహానుభావులు నాకు తెలుసు. గెస్టు మొహం చూడకుండా తాళం ఇవ్వడం మీద అభ్యంతరాలు కూడా లేకపోలేదు. ఇటలీలో 2024 నవంబరులో అక్కడి హోం శాఖ, అద్దె ఇళ్లకు వచ్చే గెస్టుల గుర్తింపును ఎదురుగా చూసి నిర్ధారించాలని సర్క్యులర్ ఇచ్చింది, దాని మీద కోర్టుకు కూడా వెళ్లారు. గుర్తింపు కార్డు చూడటం ముఖ్యమే, నేను కాదనను. నేను కార్డులు ముందు రోజే తెప్పించుకుని, మర్నాడు పొద్దున వెళ్లి పలకరించి సరిచూసుకుంటాను. మీరున్న చోట వచ్చిన వెంటనే చూడాలనే రూలు ఉంటే మాత్రం రాత్రి ఎవరో ఒకరు మేలుకుని ఉండాల్సిందే, దానికి అడ్డదారి లేదు.

ఎంతమంది వచ్చారో చూడ్డానికి గుమ్మం దగ్గర కెమెరా పెట్టుకునేవాళ్లు ఆ సంగతి లిస్టింగ్‌లో, అంటే యాప్‌లో ఇంటి వివరాలు పెట్టే పేజీలో, స్పష్టంగా రాయాలి. లోపల మాత్రం ససేమిరా. ఇళ్లు బుక్ చేసుకునే ఎయిర్‌బీఎన్‌బీ యాప్ అయితే 2024 ఏప్రిల్ 30 నుంచి ఇంటి లోపల సెక్యూరిటీ కెమెరాలను పూర్తిగా నిషేధించింది.

ఒంటరిగా వచ్చే ఆడవాళ్ల గురించి కూడా చెప్పాలి. రాత్రి పన్నెండింటికి ముక్కూమొహం తెలియని మగమనిషి తాళంతో గుమ్మంలో నిలబడి ఎదురుచూస్తున్నాడంటే అది ఆ అమ్మాయికి మర్యాదగా అనిపించదు, భయంగా అనిపిస్తుంది. మేం ఎదురెళ్లి తాళం ఇస్తే అది గొప్ప ఆతిథ్యం అనుకుంటాం. వరండాలో లైటు వేసి ఉంచడం అంతకన్నా మంచి ఆతిథ్యం. చీకటి పడగానే దానంతటదే వెలిగే బల్బు పెట్టాను, ఆ ఒక్క బల్బుతో అర్ధరాత్రి ఫోన్లు సగం తగ్గాయి.

ఇప్పుడు గెస్టులకు రెండు మాటలు. మొదటిది తేదీ. ఇది లేటు కన్నా ఘోరం. మీ విమానం 16వ తేదీ తెల్లవారుజామున ఒంటి గంటకు దిగుతుందనుకోండి, టికెట్ మీద 16 ఉంది కాబట్టి ఇల్లు కూడా 16 నుంచి బుక్ చేస్తారు. కానీ 16 నాటి చెకిన్ మధ్యాహ్నం మూడింటికి! మీకు కావాల్సింది 15 నాటి రాత్రి. ఆ రాత్రి ఇంట్లో వేరేవాళ్లు నిద్రపోతుంటారు. ఇలా మూడుసార్లు జరిగింది నాకు, ఒకసారి నలుగురు కుటుంబం గేటు దగ్గరికి వచ్చేసింది, లోపలున్నవాళ్లు భయపడి తలుపు తీయలేదు. తప్పు ఎవరిదంటే ఏం లాభం, ఆ రాత్రి వాళ్లను మా ఇంటి హాల్లో పడుకోబెట్టాను. అప్పటి నుంచి బుకింగ్ రాగానే మొదటి ప్రశ్న ‘ఏ టైముకు వస్తారు’ అని కాదు, ‘ఏ రాత్రి పడుకుంటారు’ అని అడుగుతున్నాను. కొందరు నవ్వుతారు. నవ్వనీ.

రెండోది, విమానంలో వచ్చేవాళ్లు దిగే టైము చెప్పి ఊరుకోకండి, ఫ్లయిట్ నంబరు పంపండి. లేటయితే మేమే ఫోన్‌లో చూసుకుంటాం, మీరు గాల్లో ఉండి మెసేజ్ పెట్టలేరు కదా. దిగడం వేరు, ఇల్లు చేరడం వేరు. పాస్‌పోర్టు లైను, బ్యాగులు, ట్యాక్సీ అన్నీ కలిపి గంటన్నర, రెండు గంటలు సులువుగా పడుతుంది, ఆ లెక్క మాకు తెలుసు, మీరు ‘వచ్చేస్తున్నాం’ అని అబద్ధం ఆడక్కర్లేదు. రెండు గంటలు పడుతుందంటే హాయిగా రెండు గంటలు పడుకుంటాం, ఐదు నిమిషాలంటే ఆ రెండు గంటలూ గుమ్మంలో నిలబడతాం. ఇంకా, రాత్రి వచ్చినప్పుడు పెట్టెను చక్రాల మీద లాక్కురాకుండా గేటు దగ్గర నుంచి ఎత్తి పట్టుకోండి, ఆ గడగడలకు పక్కింటివాళ్లు లేచి పొద్దున నా మీదికొస్తారు.

చివరగా ఫీజు. మీ పాఠకుడి అసలు ఫిర్యాదు అదే కదా. నా ఉద్దేశంలో తాళం దానంతటదే తెరుచుకునే ఇంటికి లేట్ ఫీజు అడగడం అన్యాయం, గెస్టు పదింటికి వస్తే ఏంటి, రెండింటికి వస్తే ఏంటి, నిద్ర చెడింది ఎవరిది? నిజంగా ఒక మనిషి మేలుకుని తాళం చేతికి ఇవ్వాల్సి వస్తే అడగవచ్చు, అదీ ఆ మేలుకున్న మనిషికి చేరాలి. ఏదైనా సరే బుకింగ్‌కు ముందే, ఎన్ని గంటలు దాటితే ఎంత అన్నది లిస్టింగ్‌లో కనపడేలా రాసి ఉండాలి. ముందు రాయకుండా పొద్దున లేచి అడిగేదాన్ని ఫీజు అనరు, కోపం తీర్చుకోవడం అంటారు. కాబట్టి ఆ పాఠకుడికి నేను చెప్పేది ఇదీ: మీరు బుక్ చేసిన లిస్టింగ్, రూల్స్ మళ్లీ తెరిచి చూడండి. అందులో లేట్ ఫీజు మాట లేకపోతే, రైలు లేటు గురించి మీరు పెట్టిన మెసేజ్‌లు, మీరు కట్టినదానికి రుజువు కలిపి, ఆ బుకింగ్ ఏ యాప్‌లో చేశారో వాళ్లకే రాసి తిరిగి ఇవ్వమని అడగండి. ఫోన్‌లో వాదించకండి, రాతలోనే అడగండి. అందులో రాసే ఉంటే మాత్రం, సారీ అండీ, అది కట్టాల్సిందే. చీవాట్ల సంగతి మీరు రివ్యూలో రాసుకోవచ్చు, నిజం ఎంతో అంతే.

ఇట్లు,
ఒక హోస్టు